తక్కువ రుసుముల కళాశాలలు: చెల్లించవలసినది ఎంత, ఎప్పుడు?

ప్రత్యేక వ్యాసం

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినది మొదలు సీట్ల కేటాయింపు ముగిసే వరకు అల్పాదాయ కుటుంబాలను వేధించే ప్రశ్న ఒక్కటే. బోధనా రుసుము లేకుండా, లేదా స్వల్ప రుసుముతో ఉన్నత విద్య ఎక్కడ లభిస్తుంది? కళాశాలల పేర్ల జాబితా ఒక్కటే ఇందుకు సమాధానం కాజాలదు. రుసుము ఏ మార్గంలో తగ్గుతున్నదో తెలిసినప్పుడే కుటుంబం తాను సమకూర్చుకోవలసిన మొత్తాన్ని సరిగా అంచనా వేసుకోగలుగుతుంది.

రుసుము తగ్గే మార్గాలు మూడు. సంస్థే తక్కువ వసూలు చేయడం మొదటిది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు, పాలిటెక్నిక్‌లు, విశ్వవిద్యాలయ కళాశాలల్లోని రెగ్యులర్ కోర్సులు ఈ కోవకు చెందుతాయి. అయితే అదే విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల రుసుము వేరుగా ఉంటుంది. ఆప్షన్లు నమోదు చేసే ముందు ఈ తేడాను గమనించడం అవసరం.

రుసుము నిర్ణయించి, అర్హులకు మినహాయించడం రెండవ మార్గం. ఐఐటీలలో వార్షిక బోధనా రుసుమును 2016లో 90,000 రూపాయల నుంచి 2 లక్షల రూపాయలకు పెంచారు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు, కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉన్నవారికి పూర్తి మినహాయింపు ఇచ్చారు. ఆదాయం 1 నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారికి రుసుములో మూడింట రెండు వంతులు తగ్గించారు.

మినహాయింపు ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయమైనట్లు కాదని 2024లో స్పష్టమైంది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దినకూలీ కుమారునికి ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఎస్సీ విద్యార్థి అయిన అతనికి బోధనా రుసుము మినహాయింపు వర్తిస్తుంది. అయినప్పటికీ సీటు అంగీకార రుసుము 17,500 రూపాయలను జూన్ 24వ తేదీ గడువులోగా చెల్లించలేక అతడు సీటు కోల్పోయాడు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద అతనికి ప్రవేశం కల్పించవలసిందిగా ఆదేశించింది.

కళాశాల రుసుమును విద్యార్థి తరఫున ప్రభుత్వం భరించడం మూడవ మార్గం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృత స్థాయిలో చేపట్టిన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాష్ట్ర విభజన అనంతరం రెండు రాష్ట్రాలలోనూ వేర్వేరు రూపాలలో కొనసాగింది. ఈ విధానంలో పరిమితులను విడిగా పరిశీలించవలసి ఉన్నది. తెలంగాణలో 2022-23 నుంచి 2024-25 వరకు వర్తించిన రుసుముల ప్రకారం ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో కనిష్ఠ రుసుము 45,000 రూపాయలు, అధిక రుసుము గల ఒక కళాశాలలో 1.60 లక్షల రూపాయలు. 10,000 దాటి ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థులలో అత్యధికులకు అందే సాయం మాత్రం 35,000 రూపాయలకే పరిమితమైంది. అనగా అత్యంత చౌకైన కళాశాలలో సైతం ఏటా 10,000 రూపాయలు, 1.60 లక్షల రుసుము గల చోట 1.25 లక్షల రూపాయలు కుటుంబమే భరించవలసి వచ్చింది.

చెల్లింపుల జాప్యం మరొక అంశం. బకాయిలు విడుదల చేయాలని కోరుతూ 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు తరగతులు నిలిపివేశాయి. నిధులు రావడం ఆలస్యమైన సందర్భాలలో కొన్ని యాజమాన్యాలు ముందుగా విద్యార్థుల నుంచే రుసుము వసూలు చేయడం, ధ్రువపత్రాలు నిలిపివేయడం వంటి ఫిర్యాదులు రెండు రాష్ట్రాలలోనూ వచ్చాయి. ఉద్యోగంలో చేరవలసిన వేళ ధ్రువపత్రం చేతికి అందకపోతే, ఉచితంగా చదివిన చదువు సైతం అక్కరకు రాదు.

బోధనా రుసుముతో పాటు వసతి, భోజనం, ప్రయాణం, పరీక్ష రుసుములు కూడా లెక్కలోకి వస్తాయి. స్వగ్రామానికి సమీపంలోని ప్రభుత్వ కళాశాల, దూరనగరంలోని ఉచిత సీటు కంటే తక్కువ వ్యయంతో ముగిసే అవకాశం ఉన్నది.

ఈ దృష్ట్యా కౌన్సెలింగ్ సహాయ కేంద్రాలలో ప్రతి విద్యార్థికి మూడు వివరాలు ముందుగానే తెలియజేయడం ఆవశ్యకం: రుసుము ఎవరు చెల్లిస్తారు, సాయం పోను మిగిలేది ఎంత, తొలి చెల్లింపు గడువు ఏ రోజు. ఆదాయ, కుల ధ్రువపత్రాలను ఆ గడువుకు ముందే జారీ చేయడం రెవెన్యూ యంత్రాంగం బాధ్యత. ర్యాంకుల వార్తలతో పాటు ఈ గడువులను, మిగులు భారాన్ని పత్రికలు ప్రచురించినట్లయితే అర్హత ఉండి సీటు కోల్పోయే విద్యార్థుల సంఖ్య తగ్గుతుంది.