గుర్రం కొని.. నాడా మరిచి!

నాగపూర్ నుంచి ముంబయి వైపు సాగే సమృద్ధి మహామార్గం పొడవు 701 కి.మీ. 2022 డిసెంబరులో శిరిడీ వరకు, 2025 జూన్ 5న మొత్తంగా తెరుచుకుంది. అది ముగిసే ఆమణె భివండీ తాలూకాలోనే ఉంది. అంటే మగ్గాల వెంట వెళ్లి తరాలుగా అక్కడే స్థిరపడ్డ మనవాళ్ల గుమ్మం దాకా వచ్చేసిందన్నమాట. ఇటు హోస్కోట నుంచి కోలారు, చిత్తూరు జిల్లాల మీదుగా శ్రీపెరుంబుదూరు చేరాల్సిన బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. అందులో కర్ణాటక భాగంపై 2024 డిసెంబరు నుంచే కార్లు తిరుగుతున్నాయి. సమృద్ధిపై కార్లకు గంటకు 120 కి.మీ. అనుమతి. రెండోదాన్నీ ఆ వేగానికి తగ్గట్టే వేస్తున్నారు.

రోడ్డుతో పాటు కారూ మారింది. 2025లో మన దేశానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 265 హార్స్‌పవర్ బండి. వచ్చినప్పుడు ధర రూ.53 లక్షల దాకా ఉండేది. అంత పెట్టలేనివారికి మహీంద్రా బీఈ 6 ఉంది. పెద్ద బ్యాటరీ రకంలో 280 హార్స్‌పవర్ పైమాటే. ఏడు సెకన్లలోపే వంద వేగం అందుకుంటుంది. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నాడట వెనకటికొకడు. ఇప్పుడు కథ తిరగబడింది. గుర్రాన్ని కొంటున్నారు, నాడా సంగతే ఎవరికీ పట్టడం లేదు.

కంపెనీ నుంచి వచ్చిన టైర్లతో పేచీ లేదు. అవి అరిగాక దుకాణం మెట్లెక్కినప్పుడే అసలు కథ. ‘సైజు ఇదే సార్, రేటు తక్కువ’ అంటారు. సైజు అదే కావచ్చు. దాని పక్కనుండే అంకె, అక్షరం సంగతేమిటి?

గోల్ఫ్‌లాంటి కార్లకు వాడే 225/40 ఆర్18 సైజునే తీసుకుందాం. అదే సైజులో ఒక టైరుపై 88 అని, మరోదానిపై 92 అని, వెంట ఎక్స్ఎల్ అని ఉంటుంది. మొదటిది 560 కిలోలు మోస్తుంది, రెండోది 630. నాలుగు టైర్లకు లెక్కేస్తే తేడా 280 కిలోలు. చివరి అక్షరం వేగానికి గుర్తు. హెచ్ అయితే 210, వి అయితే 240, డబ్ల్యూ 270, వై 300 కి.మీ. ‘మనమేమన్నా 240లో పోతామా?’ అని నవ్వేస్తారు చాలామంది. పోవద్దు కూడా. కానీ ఆ అక్షరం చెప్పేది వేగం ఒక్కటే కాదు. ఆ వేగంలో పుట్టే వేడిని టైరు ఎంతవరకు తట్టుకోగలదో చెబుతుంది. విదర్భలో మే నెల ఎండ 45 డిగ్రీలు. కింద సిమెంటు రోడ్డు, కారు నిండా జనం, డిక్కీ నిండా సామాను. దానికితోడు గాలి తక్కువుంటే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ నలిగి ఇంకా వేడెక్కుతుంది. పేలే టైర్లలో చాలావాటి కథ ఇదే. నైట్రోజన్ నింపిస్తే చాలనే భరోసా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది మహాశయా! పీడనం కాస్త నెమ్మదిగా తగ్గుతుందేమోగానీ తప్పుడు టైరును అది ఒప్పు చేయదు. డ్రైవరు తలుపు పక్కన అతికించిన చీటీలో ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

సరైన టైరు దొరకదనే ఫిర్యాదులోనూ నిజముంది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. లైసెన్సు ఉంటేనే తేవాలి. చైనా చౌక సరకుకు అడ్డుకట్ట వేయడం, స్వదేశీ కంపెనీలకు ఊతమివ్వడం వరకు బాగానే ఉంది. అయితే ఇక్కడ తయారుకాని పెద్ద సైజులూ ఆ గేటు దగ్గరే చిక్కుకున్నాయి. తిరుపతి జిల్లా చినపాండూరులో, ఒరగడంలో అపోలో, అరక్కోణంలో ఎంఆర్ఎఫ్.. ఇంత టైర్ల గడ్డ మీద ఉండి 19 అంగుళాల టైరు కోసం వారాలు ఆగాల్సి రావడం విచిత్రమే. తిరువళ్లూరు జిల్లా ప్లాంటులో కార్ల టైర్లూ చేస్తామని మిషెలిన్ 2024లో ప్రకటించింది. ఇక 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ మిగులును జేబులో వేసుకోకుండా ఒక మెట్టు మంచి టైరుకు పెట్టడం తెలివైన పని.

కుర్రకారు మోజు మాత్రం వేరు. పెద్ద రిమ్ము, వెడల్పు టైరు కావాలి. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ 225/40 టైరు పక్కగోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే. ఎక్స్‌ప్రెస్‌వే దిగి ఊరి గుంతలో పడితే దెబ్బంతా రిమ్ముకే. బ్రేకులకు చోటు సరిపోతే 17 అంగుళాల రిమ్ము, 225/45 టైరు మేలు. చక్రం మొత్తం ఎత్తు ఇంచుమించు అంతే ఉంటుంది, గోడ సెంటీమీటరు పెరుగుతుంది. స్పీడోమీటరూ తప్పు చెప్పదు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై తిప్పే మెత్తని రేసు టైర్లను రోడ్డుకెక్కించే సరదా ఇంకా ప్రమాదం. వాటికి గాళ్లు తక్కువ. వాన నీటిపై కారు పడవలా తేలిపోతుంది.

చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. వానాకాలానికి ఇది చాలదు. 3 మి.మీ.కి దిగితేనే మార్చేయడం మంచిది. 2023లో సమృద్ధిపై అధికారులు అరిగిన టైర్ల బండ్లను వెనక్కి పంపారు. మంచిదే. కానీ టైరు వయసును, ఆ చివరి అక్షరాన్ని అక్కడ అడిగేదెవరు? టైరుపై 2319 అని ఉంటే 2019లో 23వ వారం సరకని అర్థం. గాళ్లు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది. మరోవైపు, ప్రతి ప్రమాదానికీ టైరునే దోషిని చేయడమూ మామూలైంది. 2023 జులై 1న బుల్ఢాణా జిల్లాలో బస్సు తగలబడి 25 మంది చనిపోయినప్పుడు టైరు పేలిందనే డ్రైవరు చెప్పాడు. అందుకు ఆధారాల్లేవని రవాణా అధికారులు తేల్చారు.

కొనేముందు డిక్కీ కూడా తెరిచి చూసుకోండి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో నిబంధన మార్చారు. కొన్ని బండ్లలో స్టెప్నీ ఉన్నా సన్నటిది. దానిపై 80 కి.మీ. దాటొద్దని రాసి ఉంటుంది. పక్కగోడ చీలితే కిట్టు పనిచేయదు. అర్ధరాత్రి వాశిం దగ్గర అలా ఆగిపోతే టోయింగ్ బండే దిక్కు.