మాఘం దాటకముందే ఊరి చుట్టూ ఫైర్ లైన్ కొట్టాలి!

అడవి అంచు పల్లెల అక్కలకు, అన్నలకు, గూడెం పెద్దలకు, వరంగల్ పట్నంలోని చదువుకున్నవాళ్లకు,

2022 ఏప్రిల్ చివర్లో మంగపేట మండలం శనిగకుంటలో గాలి దుమారానికి మంట ఇళ్ల మీద పడింది. నలభై దాకా ఇళ్లు బూడిదయ్యాయి. జనం కట్టుబట్టలతో మిగిలారు. బియ్యం, దుప్పట్లు, పరామర్శలు అన్నీ ఆ తర్వాత వచ్చాయి. మరి ఆ తర్వాతి ఎండాకాలాల్లో మీ ఊరి చుట్టూ గడ్డి చెక్కి ఎవరైనా ఫైర్ లైన్ కొట్టారా? మీరే చెప్పండి.

ఫాల్గుణం వచ్చిందంటే తాడ్వాయి, ఏటూరునాగారం, పాకాల, కొత్తగూడ గుట్టల మీద రాత్రిళ్లు మంట కనబడటం మనకు కొత్త కాదు. టేకు ఆకు రాలి మోకాలి లోతు పేరుకుంటుంది. దానికి తోడు 2024 ఆగస్టు 31న మేడారం–తాడ్వాయి అడవిలో సుడిగాలికి కొన్ని గంటల్లోనే యాభై వేలకు పైగా చెట్లు కూలాయి. కూలిన కట్టె ఎండినకొద్దీ మంటకు మేతే.

నిప్పు దానంతటదే పుట్టదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు, యాసంగి కోతలయ్యాక వరి కొయ్యలు కాలుస్తారు, బీడీ ముక్క పడేస్తారు. వీటిని ఊరు కూర్చుని మాట్లాడుకుంటే ఆపుకోగలం. ఊరు ఆపలేనిది తునికాకు నిప్పు. లేత ఆకు కావాలంటే ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలను నేలమట్టానికి కొట్టించాలి. నెలన్నరకు బీడీకి పనికొచ్చే ఆకు దిగుతుంది. కొట్టినందుకు కూలి ఇవ్వాలి. అగ్గిపుల్లకు కూలి అక్కర్లేదు! అందుకే వేలంలో తునికాకు యూనిట్ పాడుకున్న కాంట్రాక్టరు తరఫు మనుషులు పొద్దుగూకాక ఎవరో ఒకరి చేత నిప్పు పెట్టిస్తారు. పెట్టినవాడి చేతిలో నాలుగు నోట్లు పడతాయి, పెట్టించినవాడి పేరు ఎక్కడా రాదు. తెల్లారితే కేసు ఎవరి మీద? పశువుల కాపరి మీద, యాభై ఆకుల కట్ట కట్టుకుని బతికే ఆడబిడ్డ మీద. తునికాకు వ్యాపారాన్ని 1971 చట్టంతో సర్కారు తన చేతిలోకి తీసుకుంది. వేలం వేసేది సర్కారే, యూనిట్ల హద్దులు గీసేది సర్కారే. అలాంటప్పుడు ఏ యూనిట్లో అడవి కాలిందో ఆ కాంట్రాక్టరు డిపాజిట్ జప్తు చేయడానికి అడ్డేమిటి? ఒప్పందంలో షరతు ఉంటే అమలు చేయండి, లేకుంటే రాయండి. కొట్టుడు కూలి ముందే కట్టనిదే యూనిట్ అప్పగించొద్దు.

నేల మీది మంటకు పెద్ద చెట్లు చావవని కొందరు తేల్చేస్తారు. పెద్ద చెట్టు చావదు, నిజమే. దాని కింద మొలిచిన మద్ది, ఏగిస మొక్క చస్తుంది. మొక్క లేని అడవి ఎన్నేళ్లు ఉంటుంది? కాలిన గుట్ట మీద తొలకరి పడితే మట్టి, బూడిద వచ్చి చేరేది పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల్లోకే. కాకతీయులు తవ్వించిన ఆ చెరువుల కింద సాగుచేసే రైతుకు కూడా ఇది సొంత గొడవే.

ఒకప్పుడు ఈ అడవిని ఊరే కాచింది. 1990ల్లో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు మన కుర్రాళ్లే రాత్రి కాపలా కాశారు, మండలతో కొట్టి మంటలార్పారు. నిధులు ఆగాయి, సమితులు కాగితాల మీద మిగిలాయి. ఇప్పుడు మంట సంగతి ఉపగ్రహం పసిగట్టి ఫోన్లకు సందేశం పంపుతుంది. సందేశం మంటను ఆర్పదు! ఆర్పాల్సిన బీట్ ఆఫీసరు ఒక్కడే, గుట్టలు పది. 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్ అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారానికి డబ్బు జోడించకపోవడం నేరం. అడవిలోని గుత్తికోయ గుంపుల సంగతైతే చెప్పడానికే సిగ్గేస్తుంది. గడ్డి కప్పులు, బోరు లేదు, బాట లేదు. అక్రమ నివాసమంటూ నీళ్లు కూడా ఇవ్వని అధికారులు, మంట అంటుకుంటే ఆ గుంపుల పిల్లలను ఏ నీళ్లతో కాపాడతారు?

2025 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో కార్చిచ్చుకు పదహారు వేలకు పైగా కట్టడాలు కాలాయి. ఫైరింజన్లకు కొదవలేని దేశమది. చాలా ఇళ్లు మంట తాకి కాదు, గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వలు పడి అంటుకున్నాయి. మన పూరి కప్పుకు ఒక్క రవ్వ చాలు. కాబట్టి గడ్డివామును, పత్తి కట్టెను, వంటచెరకు మోపులను ఇంటి గోడకు ఆనించి పెట్టొద్దు. ఇంటి చుట్టూ ముప్పై అడుగుల మేర ఎండుటాకు ఊడ్చేయండి. కప్పు మీద రాలిన ఆకు దులపండి. ఊరికీ అడవికీ మధ్య గడ్డి చెక్కి, మట్టి తేలేలా బాట తీయండి. ఊరంతా కలిస్తే ఒక్క వారం పని, దానికి ఉపాధి హామీ కూలి అడగండి. ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా రోజూ సాయంత్రం ఆ ట్యాంకరు నిండా నీళ్లతో, డీజిల్‌తో, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలిసేలా నిలబడి ఉండాలి. మేడారం జాతర దారిలో చెట్ల కింద పొయ్యి పెట్టేవాళ్లను నీళ్లు పోసి ఆర్పాకే కదలనివ్వండి.

పుష్యంలోనే గ్రామసభ పెట్టండి. ఫైర్ లైన్ కూలి, ట్యాంకరు, గుంపులకు బోర్లు, కాంట్రాక్టరు డిపాజిట్ – నాలుగూ తీర్మానంలో రాయించి కార్యదర్శి సంతకం తీసుకోండి. నకలు పట్టుకుని సోమవారం మీ మీ కలెక్టరేట్లలో ప్రజావాణికి రండి. ములుగు, మహబూబాబాద్, వరంగల్ మూడు చోట్లా ఒకే రోజు ఇద్దాం. అర్జీ రసీదు చేతికి వచ్చేదాకా కిటికీ ముందు నుంచి కదలొద్దు.