గుండె ఆపరేషన్‌కి ముందు పళ్ళ డాక్టరా? అవును!



మొన్న మీటింగులో నేనన్న మాట కొందరికి నచ్చలేదు. "మన సహాయనిధి ఆపరేషన్ బిల్లు చూపిస్తేనే ఎందుకివ్వాలి? పరీక్షల రోజుల్లోనే ఇద్దాం" అన్నాను. "పరీక్షలకు కూడా చందాలా?" అని ఒక పెద్దాయన నవ్వారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

మా వదిన 30 ఏళ్ళుగా బీడీలు చుడుతోంది. మెట్లెక్కితే ఆయాసం. రాత్రి ఊపిరాడక లేచి కూర్చునేది. ఎకో తీస్తే గుండెలో మైట్రల్ వాల్వు సన్నబడిందని తేలింది. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చిన రుమాటిక్ జ్వరం ఇన్నేళ్ళకు బయటపెట్టిన దెబ్బ అది. వాల్వు మార్చాలన్నారు. అన్నయ్య తిరిగి తిరిగి డబ్బు కూడబెట్టాడు. తీరా వెళితే డాక్టరు, "ముందు పళ్ళ డాక్టరు దగ్గర చీటీ తెండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. గుండెకీ పంటికీ ఏం సంబంధమని గొడవపడ్డాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. పుచ్చిన పళ్ళు, నెత్తురు కారే చిగుళ్ళ నుంచి క్రిములు రక్తంలో కలుస్తాయి. కొత్త వాల్వు మీద అవి గూడు కట్టాయంటే మందులకు ఓ పట్టాన లొంగవు. మళ్ళీ ఆపరేషన్ పడొచ్చు, ప్రాణమే పోవచ్చు.

వదినకి మిశ్రి అలవాటు. రెండు దవడ పళ్ళ కింద చీము. అవి తీయించి, పుండు మానేదాకా ఆపరేషన్ ఆగింది. అన్ని వారాలూ ఆమె దిండుకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. ఎకో తీసిన వారమే పళ్ళు చూపించి ఉంటే ఆ బాధ తప్పేది. అందుకే ఈ రాత.

మిగతా పరీక్షలూ డబ్బు గుంజడానికి కాదు. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉంటే అదే ఆపరేషన్‌లో బైపాస్ కూడా చేయొచ్చు, అందుకే మామూలుగా 40 దాటినవాళ్ళకు యాంజియోగ్రామ్. గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోలో వాల్వు, గుండెలో కట్టిన గడ్డలు దగ్గరగా కనిపిస్తాయి. ఊదుడు పరీక్ష మనకు మరీ ముఖ్యం. కార్ఖానాలో నూలు దుమ్ము పీల్చినవాళ్ళం, బీడీ కాల్చేవాళ్ళం మనమే కదా. షుగరు, కిడ్నీ, రక్తం గడ్డకట్టే తీరు సరేసరి. పడుగు సరిచూడకుండా మగ్గం ఆడిస్తామా?

డాక్టరు దగ్గర దాచకండి. మిశ్రి, బీడీ, గుట్కా, నాటు మందు, అన్నీ చెప్పండి. రక్తం పల్చబడే మాత్ర వాడుతుంటే ఎప్పుడు ఆపాలో ఆయన్నే అడగండి, సొంతంగా ఆపొద్దు. ఏ వాల్వు వేస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. లోహపు వాల్వు ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ జీవితాంతం పల్చబడే మాత్ర, రక్త పరీక్ష తప్పవు. జంతు కణజాలంతో చేసింది కొన్నేళ్ళకు అరుగుతుంది, చిన్న వయసువాళ్ళలో ఇంకా తొందరగా. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు ఈ మాట తప్పక ఎత్తాలి. ఆ మాత్రల్లో కొన్ని కడుపులో బిడ్డకు చేటు చేస్తాయి. మన దేశంలోనే తయారైన లోహపు వాల్వు కూడా ఉంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వును 1990లోనే మొదటిసారి రోగికి అమర్చారు.

ఇక డబ్బు సంగతి. ఆపరేషన్‌కి మహాత్మా జ్యోతిబా ఫులే జనారోగ్య యోజన ఉంది. కానీ పరీక్షలకు తిరిగిన రోజుల కూలి ఎవరిస్తారు? వెయ్యి బీడీల లెక్కన బతికే ఇంట్లో పంటి డాక్టరు ఫీజే కొండ. అక్కడే మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు, "తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అంబులెన్సే.

నిధి చిన్నదే, నిజమే. పరీక్షలకు ఇస్తే ఆపరేషన్లకు తగ్గుతుందన్న భయమూ సరైనదే. కానీ ఆపరేషన్ చెడిపోయాక ఎంత పోసినా ఆ మనిషి తిరిగి వస్తాడా?

వదిన ఇప్పుడు మెట్లెక్కుతోంది. మిశ్రి డబ్బా నేనే పారేశాను. ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉంది, తిట్టనీ.

వచ్చే మీటింగులో ఈ తీర్మానం మళ్ళీ పెడతాను. మీ మాట కింద రాయండి.

జై మార్కండేయ.