బండి నడపడం వచ్చా అని అడిగితే చాలదా?

గత ఏడాది వేసవిలో మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లి నాలుగు నెలలు ఉండి వచ్చాను. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలినవాణ్ణి, అక్కడ పాలు తేవాలన్నా అల్లుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోవాల్సి వచ్చింది. వాళ్లుండే చోట ఆటో లేదు, బస్సు లేదు, నడుద్దామంటే కొట్టు మూడు మైళ్లు. చూడటానికి వచ్చినవాళ్లు సొంత దేశం లైసెన్సుతో నడపొచ్చంటారు గానీ, రోడ్డుకు కుడిపక్కన పోయే ఆ ఊళ్లో అల్లుడు తాళాలు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. "ఇక్కడ కారు లేకపోతే కాళ్లు లేనట్టే నాన్నా" అంది మా అమ్మాయి. ఆ మాట ఎంత నిజమో ఫ్రెస్నో జిల్లాకు వెళ్లాక తెలిసింది.

అల్లుడితో పనిచేసే కుర్రాడి మేనమామ ఒక పంజాబీ రైతు. కెర్మన్ అనే ఊరి దగ్గర ఎండుద్రాక్ష, బాదం పండిస్తాడు. నాకొచ్చిన ముక్కల హిందీతో ఒక పూటంతా మాట్లాడుకున్నాం. నీళ్ల గురించి, ధరల గురించి చెబుతాడనుకుంటే, ఆయన ముందు కూలీల కార్ల గురించి ఎత్తుకున్నాడు.

బాదం చెట్టును యంత్రం పట్టి ఊపుతుంది. ద్రాక్ష గుత్తిని మాత్రం చాలా తోటల్లో ఇంకా మనిషే కోయాలి. ఆ మనుషులు ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారమే పంట పొలాల్లో కూలికి చేసేవాళ్లలో సుమారు 40 శాతం మందికి ఆ దేశంలో ఉండే కాగితాలు లేవు. వాళ్లు ఎక్కడో చిన్న ఊళ్లలో ఒక గదిలో నలుగురైదుగురు ఉంటారు. తోట ముప్పై, నలభై మైళ్ల దూరం. ఎండ ముదరకముందే పని అయిపోవాలని తెల్లవారకముందే బయలుదేరతారు. ఆ వేళకు బస్సు ఎక్కడిది? కాబట్టి లైసెన్స్ ఉన్నా లేకపోయినా కారు తీస్తారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. లైసెన్స్ ఇవ్వకపోతే బండి నడపడం మానేస్తారని చట్టం చేసినవాళ్లు అనుకున్నారు. కూలికి పోకుండా ఎవరు మానేస్తారు?

1994 దాకా కాలిఫోర్నియాలో లైసెన్సుకు దేశంలో చట్టబద్ధంగా ఉన్నట్టు రుజువు అడిగేవారు కాదు. 1993లో చేసిన చట్టం ఆ షరతు తెచ్చింది. పదేళ్ల తర్వాత 2003లో గ్రే డేవిస్ అనే గవర్నర్ షరతు తీసేస్తూ సంతకం పెట్టాడు. ఆయన్ను ఓటర్లు పదవి నుంచి దించేశారు, ఆ చట్టాన్నీ ఆ ఏడాదే రద్దు చేశారు. చివరకు 2013లో వాట్సన్‌విల్ నుంచి ఎన్నికైన లూయిస్ అలెహో తెచ్చిన ఏబీ 60 అనే బిల్లు నెగ్గింది. వాట్సన్‌విల్ స్ట్రాబెర్రీ కూలీల ఊరు. 2015 జనవరి 1 నుంచి, గుర్తింపూ నివాసమూ రుజువు చేసుకుని రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష పాసైన ఎవరికైనా లైసెన్స్ ఇస్తున్నారు. 2018 మార్చి నాటికి పది లక్షల మంది తీసుకున్నారు. ఇప్పుడు 19 రాష్ట్రాలు ఇలా ఇస్తున్నాయి, మిగతావి ఇవ్వవు.

మధ్యలో గడిచిన ఆ ఇరవై ఏళ్లు ఎలా ఉండేవో కెర్మన్ రైతు చెప్పాడు. పోలీసు ఆపితే కారు 30 రోజులు యార్డులో పెట్టేవారు. లాక్కెళ్లిన ఖర్చు, యార్డు అద్దె కలిపి వెయ్యి డాలర్లు దాటేది. పాత కారు విలువ అంత ఉండదు కాబట్టి చాలామంది వదిలేసి ఇంకో పాత కారు కొనేవారు. "కోత సమయంలో పదిమందికి ఆరుగురే వచ్చేవారు భాయీసాబ్, మిగిలినవాళ్ల కారు యార్డులో ఉందని తెలిసేది" అన్నాడు.

లైసెన్సులు ఇవ్వబోయేటప్పుడు వ్యతిరేకులు, డ్రైవింగ్ రానివాళ్లతో రోడ్లు నిండిపోయి ప్రమాదాలు పెరుగుతాయన్నారు. అనుకూలురు ప్రమాదాలు తగ్గుతాయన్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముగ్గురు దీన్ని లెక్క కట్టి 2017లో ప్రచురించారు. మనం ఒక మడికి మందు వేసి పక్క మడికి వేయకుండా చూస్తాం కదా, దాదాపు అదే పద్ధతి. కొత్త చట్టం కింద ఎక్కువ మంది లైసెన్స్ తీసుకున్న జిల్లాలను, తక్కువ మంది తీసుకున్న జిల్లాలతో పోల్చారు, ముందు సంవత్సరాలకూ 2015కూ తేడా చూశారు. మొత్తం ప్రమాదాలు పెరగలేదు, తగ్గలేదు. మరణాలూ అంతే. అంటే ఇద్దరి మాటా నిజం కాలేదు. కానీ గుద్ది పారిపోయే కేసులు 7 నుంచి 10 శాతం తగ్గాయి. ఒక్క ఏడాదిలో సుమారు 4,000 కేసులు తక్కువ. తప్పు చేయనివాళ్లు తమ బండి బాగుకు చేతి నుంచి పెట్టుకోవాల్సిన డబ్బు 35 లక్షల డాలర్ల దాకా మిగిలిందని వాళ్ల అంచనా.

ఒక్క ఏడాది లెక్కే కదా అనొచ్చు. నిజమే. అయినా నాకు ఇది నమ్మదగ్గదిగా ఉంది, ఎందుకంటే కారణం మన కళ్ల ముందుంది. లైసెన్స్ లేనివాడు గుద్దితే ఆగడు. ఆగితే పోలీసు వస్తాడు, పోలీసు వస్తే దేశం నుంచి పంపేస్తారని భయం. పెళ్లాం పిల్లల్ని వదిలి పోవాల్సి వస్తుంది. జేబులో కార్డు, బండికి ఇన్సూరెన్సు ఉంటే ఆగుతాడు, అవతలివాణ్ణి లేపుతాడు, అంబులెన్సుకు ఫోన్ చేస్తాడు. పారిపోయినవాడి వల్ల నష్టపోయేది ఆ రోడ్డు మీద ఎవరైనా కావచ్చు, వలస కూలీల మీద పళ్లు కొరికేవాడైనా సరే.

లెక్కలకు ఎక్కనిది ఇంకొకటుంది. సొంతంగా నడపలేనివాడు మేస్త్రీ వ్యాన్ ఎక్కుతాడు. అక్కడ ఆ వ్యాన్ తోలేవాళ్లను 'రైతేరో' అంటారు. పేరు వింటే మన రైతు అనుకుంటాం, కానీ 'రైడ్' అనే ఇంగ్లీషు మాట నుంచి పుట్టింది. రోజుకు ఇన్ని డాలర్లని కూలి నుంచి పోతుంది. 1999 ఆగస్టు 9న ఫ్రెస్నో జిల్లాలోనే ఫైవ్ పాయింట్స్ దగ్గర, టమాట పని నుంచి తిరిగొస్తున్న అలాంటి వ్యాన్ లారీని గుద్దితే 13 మంది చనిపోయారు. సీట్లు పీకేసి బల్లలు వేశారు, బెల్టులు లేవు. కూలీల వ్యాన్లకు బెల్టులుండాలనే చట్టం ఆ తర్వాతే వచ్చింది. ఇది రాస్తుంటే 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది పోయిన సంగతి గుర్తొస్తోంది. వాళ్లలో ఎక్కువ మంది కూలికి పోతున్న ఆడవాళ్లే. మా గుంటూరు వైపు మిరప కోతకు కర్నూలు పడమటి మండలాల నుంచి వచ్చే కుటుంబాలు ఎలాంటి బండ్లలో వస్తాయో మనందరికీ తెలుసు. ఎలా పోవాలో ఎంచుకునే వీలు లేనివాడు ఎక్కడైనా ఎదుటివాడు చూపించిన బండే ఎక్కుతాడు.

రైతులుగా మనం చూడాల్సిన రాష్ట్రం విస్కాన్సిన్. పాడికి పేరు. అక్కడ 2007 నుంచి కాగితాలు లేనివాళ్లకు లైసెన్స్ ఇవ్వడం ఆపేశారు. అక్కడి పాడి పనుల్లో 70 శాతం దాకా చేసేది కాగితాలు లేని 10 వేల మందికి పైగా కార్మికులని ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2023లో చెప్పింది. పాలు పిండేందుకు రాత్రి షిఫ్టుకు వచ్చేవాడు లైసెన్స్ లేకుండానే రావాలి. డెయిరీ రైతులు కూడా లైసెన్సులివ్వమని అడుగుతున్నారు. గవర్నర్ టోనీ ఎవర్స్ 2019 బడ్జెట్‌లో పెట్టాడు, శాసనసభలో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు తీసేశారు. ఆ డెయిరీ రైతులందరికీ కార్మికుడి మీద ప్రేమ పొంగుతోందని నేను అనను. మనిషి టైముకి రావాలనేదే చాలామంది తాపత్రయం. అయినా అవసరం కొద్దీ చెప్పిన నిజం కూడా నిజమే.

"చట్టం తప్పి వచ్చినవాడికి లైసెన్సా?" అని మా అల్లుడే అడిగాడు. తను వీసా మీద, క్రమంగా లైన్లో నిలబడి వెళ్లాడు, ఆ కోపం నాకర్థమైంది. కానీ ఈ ముడి క్రమంగా వెళ్లినవాళ్లనూ వదల్లేదు. 2005లో వచ్చిన రియల్ ఐడీ చట్టం తర్వాత, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల లైసెన్స్ గడువును వాళ్లు ఉండటానికి అనుమతించిన గడువుకు కట్టేశారు. అల్లుడి స్నేహితుడు, తెనాలి వైపు కుర్రాడు, వేరే రాష్ట్రంలో ఉంటాడు. వీసా పొడిగింపుకు సకాలంలోనే దరఖాస్తు పెట్టాడు. జవాబు రావడం ఆలస్యమై, ఈలోపు లైసెన్స్ గడువు అయిపోయింది. ఉద్యోగం చేయొచ్చు, కానీ ఉద్యోగానికి కారులో పోకూడదు! ఐదు వారాలు సహోద్యోగుల కార్లలో తిరిగాడు. అతనికి డ్రైవింగ్ మర్చిపోయాడా? ఈ సంగతి నేను గుర్తు చేస్తే అల్లుడు కాసేపు మాట్లాడలేదు.

మన కౌలు రైతు కథ వేరే దేశానిదేమీ కాదు. 2011 చట్టం కింద కౌలుదారుకు యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు వచ్చేది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం సంతకం తప్పదంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సాగు చేసేది ఎవరో ఊరందరికీ తెలుసు, బ్యాంకుకు మాత్రం తెలియదు. కార్డు ఇవ్వనంత మాత్రాన కౌలు సాగు ఆగిందా? వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయింది.

ఇక అక్కడ కార్డు వచ్చినవాళ్లూ నిశ్చింతగా లేరు. వెర్మాంట్‌లో పాడి కార్మికుల పోరాటం వల్ల 2014 నుంచి కార్డులిచ్చారు. తర్వాత ఆ లైసెన్స్ కార్యాలయం నుంచే పేర్లు ఇమ్మిగ్రేషన్ పోలీసులకు చేరాయని బయటపడి, కార్మికుల సంఘం కోర్టుకెక్కింది. 2020లో రాష్ట్రం రాజీకొచ్చి, అలా ఇవ్వబోమని ఒప్పుకుంది. న్యూయార్క్ 2019లో చేసిన చట్టంలో ఆ సమాచారం ఇవ్వకుండా ముందే కట్టడి పెట్టింది, దాని మీద కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో దావా వేసింది. పరీక్ష రాసి, ఫొటో దిగి, చిరునామా ఇచ్చినవాడు ఆ చిరునామాకు ఎవరొస్తారోనని నిద్రపోకుండా ఉంటే, ఆ కార్డు ఇచ్చి ఏం లాభం?

నేను తిరిగొచ్చాక కెర్మన్ రైతుతో రెండుసార్లు ఫోన్లో మాట్లాడాను. తన తోటకు పన్నెండేళ్లుగా వచ్చే ఒకాయన లైసెన్స్ గడువు ఈ ఏడాదితో అయిపోతుందట. కొత్తది తీసుకోమంటే, ఆ ఆఫీసు గడప తొక్కాలంటే భయంగా ఉందంటున్నాడట. ద్రాక్ష కోత దగ్గర పడుతోంది.