గంపకి నంబరు లేదు

మాది శిరివెళ్ల. నల్లమల కనిపిస్తుంది గానీ సముద్రం కనిపించదు. మెట్ట మీద పుట్టినదానివి, నీకెందుకు మత్స్యకారుల గొడవ అని అడిగేవాళ్లుంటారు. ఇది చేపల గొడవ కాదు, సంఘాల గొడవ. ఎవరిని సభ్యులంటారు, ఎవరిని సభ్యుడి భార్య అంటారు అన్న గొడవ. అది కేసీ కాలువ గట్టు మీదా ఉంది, శ్రీకాకుళం ఇసుక మీదా ఉంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి దాన్నెవరూ కాదనరు. ఆ రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో దాన్ని 10 వేలు చేశారు, 2025లో 20 వేలు చేశారు. ఎవరికి? రిజిస్టరయిన పడవ మీద వేటకి వెళ్లేవాళ్లకి. పడవకి నంబరుంటుంది, ఆ నంబరు కింద మనుషుల పేర్లుంటాయి. నెత్తిన పెట్టుకునే గంపకి నంబరు లేదు.

పడవ ఒడ్డుకి చేరాక మొదలయ్యే పని సంగతేమిటి? బేరమాడి కొనడం, ఏరడం, ఉప్పు పట్టించడం, ఇసుక మీద ఎండేయడం, కాకులనీ కుక్కలనీ కాయడం, గంపెత్తుకుని ఊరూరా తిరగడం, అరువు పెట్టిన ఇళ్ల చుట్టూ మళ్లీ తిరగడం. ఇదంతా చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. లెక్కల్లో ఇది వేట కాదు. మగవాళ్లు ప్రాణాలకి తెగించి సముద్రం మీదికి వెళ్తారు, ఒడ్డున కూర్చున్నవాళ్లతో పోలికేమిటి అంటారు. తెగింపు నిజమే, తుఫానుకి పోయిన ప్రాణాలూ నిజమే. కానీ ఈ భృతి తెగింపుకి ఇస్తున్నది కాదు కదా! పడవ కదలని రోజుల్లో పోయిన ఆదాయానికి ఇస్తున్నది. పడవ కదలకపోతే గంప నిండుతుందా? చిన్నతరహా మత్స్యరంగం గురించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన మార్గదర్శకాలు వేటకి ముందూ తర్వాతా జరిగే పనిని కూడా మత్స్యకార వృత్తిలో భాగమే అన్నాయి. మన జీవోలకి ఆ సంగతి ఇంకా చేరలేదు.

ఇక మా వైపు. 1997లో సాగునీటి వ్యవస్థల్లో రైతుల యాజమాన్య చట్టం వచ్చింది. కాలువల కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ప్రజాస్వామ్యం పొలం గట్టు దాకా వచ్చిందని సంబరపడ్డాం. ఓటెవరికి? రికార్డులో భూమి యజమానిగానో కౌలుదారుగానో పేరున్నవాళ్లకి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి హక్కిస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం సవరించింది, దేశానికంతా అది 2005లో వచ్చింది. చట్టం మారినంత తేలిగ్గా పాసుపుస్తకం మీద పేరు మారుతుందా? నాట్లేసి, కలుపు తీసి, రాత్రిపూట మడికి నీళ్లు కట్టిన ఆమె ఓటు లేని వినియోగదారే. ఆమెకి పొదుపు సంఘం ఉందిగా అంటారు. అవును, వాయిదాలు కట్టే సంఘం మనకి, నీళ్లు పంచే సంఘం వాళ్లకి!

సోంపేట సంగతి వేరు. అక్కడ బీల అనే చిత్తడి నేల ఉంది. చుట్టుపక్కల పొలాలకి నీళ్లూ, జాలర్లకి చేపలూ అందులోవే. కాగితం మీద మాత్రం అది పనికిరాని భూమి. ఆ కాగితం చూపించే థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. పర్యావరణ పరిరక్షణ సంఘం నిలబడింది, రిలే నిరాహార దీక్షలు సాగాయి. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులే.

ఆ శిబిరాల్లో ఆడవాళ్లు కూర్చున్నారు, కాల్పుల రోజు పొలాల్లోనూ ఉన్నారు. అప్పుడెవరూ పడవ నంబరు అడగలేదు, పాసుపుస్తకం చూపించమనలేదు. నాకిక్కడ మన వ్యాకరణం గుర్తొస్తుంది (సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, ఈ జబ్బు పోదు). తెలుగులో స్త్రీ ఏకవచనంలో ఉంటే క్రియ ఆమెని వస్తువులతో కలుపుతుంది. ఆమె వచ్చింది, బండీ వచ్చింది. బహువచనంలో మాత్రం మగవాళ్లతో సమానం. వాళ్లు వచ్చారు. మన సంఘాలు ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. గుంపు కావలసినప్పుడు ఆడవాళ్లు జనం, జాబితా రాసేటప్పుడు ఒక్కొక్కరూ మాయం.

పర్యావరణ ఉద్యమాలని రాస్తున్న మిత్రులతో నాకు పేచీ ఇక్కడే. 'మహిళలు పెద్దసంఖ్యలో పాల్గొన్నారు' అని ఒక్క వాక్యం రాసి, తర్వాత పది పేజీలు డాక్టర్లూ లాయర్లూ నాయకుల పేర్లతో నింపుతారు. ఆ పెద్దసంఖ్యలో ఎవరున్నారు? దీక్షకి కూర్చున్న రోజు వాళ్ల ఇంట్లో అన్నం ఎవరు వండారు? కూలి పోయిన రోజుకి ఎవరు సర్దారు? ఇవి అడగకుండా రాసే చరిత్ర కూడా ఇంకో పాసుపుస్తకమే.

భృతి జాబితాని తీరప్రాంత గ్రామసభల్లో చదవాలి. చేపలమ్మే, ఎండబెట్టే ఆడవాళ్ల పేర్లు విడిగా, భర్త పడవతో సంబంధం లేకుండా ఎక్కించాలి. ఒంటరి ఆడవాళ్లూ, భర్తని సముద్రం మింగేసిన ఆడవాళ్లూ ఇందులో ముందుండాలి, ఎందుకంటే వాళ్లకి చూపించుకోడానికి ఇంట్లో నంబరున్న మగవాడు కూడా లేడు. నీటి సంఘంలో పనిచేసే చేతికి ఓటుండాలి. డబ్బెక్కడ అంటారు. 2019లో 10 వేలకీ 2025లో 20 వేలకీ దొరికిన చోటే వెతకమనండి.