మానిటర్ వెనక మానిటర్

మా ఇంట్లో కంప్యూటర్ బల్ల మీద ఒక మానిటర్ వెనక ఇంకో మానిటర్ ఉంటుంది. చూసినవాళ్లు షేర్ల వ్యాపారం ఏమైనా మొదలెట్టారా అని అడుగుతారు. వెనకున్నది మానిటర్ కాదు, తెర పోయిన ఆల్ ఇన్ వన్ కంప్యూటర్. కొన్న నాలుగో ఏట ఒకరోజు పొద్దున్నే తెర సగం నల్లబడింది. వారం తిరిగేసరికి మొత్తం ఆరిపోయింది. లోపల మాత్రం ప్రాణం ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, విండోస్ మొదలైన చప్పుడు వినబడుతోంది. సర్వీస్ సెంటర్ కుర్రాడు కొత్త ప్యానెల్‌కి చెప్పిన ధర విని, "ఆ డబ్బుకి కొత్త మానిటర్లు రెండొస్తాయి కదయ్యా" అన్నాను. "అవును సార్, అదే తీసుకోండి" అన్నాడు. మంచివాడు. తీసుకుని, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పాతదానికి తగిలించాను. బల్ల మీద చోటు కలిసొస్తుందని కొన్న సరుకు ఇప్పుడు రెండింతల చోటు తింటోంది.

ఈ కథ మా తమ్ముడి కూతురికి తెలియదు. పోయిన వారం ఫోన్ చేసి, "పెదనాన్నా, పిల్లాడి చదువుకీ మా ఆయన ట్యాలీ పనికీ ఆల్ ఇన్ వన్ తీసుకుందామనుకుంటున్నాం. అరవై వేలు చెబుతున్నారు. పెట్టొచ్చా?" అంది.

వాళ్ల కష్టం నాకు తెలుసు. రెండు పడగ్గదుల ఫ్లాట్. మనం సీపీయూ అని పిలుచుకునే ఆ డబ్బా, దాని వెనక తీగల చిక్కు, ఆ చిక్కులో పనిమనిషి చీపురు దూరని మూల. ఇవేవీ లేకుండా గోడకి ఆనించిన తెర ఒక్కటే, దానికి ఒకటే తీగ. షోరూమ్‌లో చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ వెనక మూత విప్పి చూస్తే లోపల ఉండేది చాలా మోడళ్లలో ల్యాప్‌టాప్ సామానే. ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌ది, ర్యామ్ ల్యాప్‌టాప్‌లో దూర్చే పొట్టి రకం, కరెంటు ఇచ్చేది ఇటుక లాంటి ఆ అడాప్టరే. 2023 ఆగస్టులో కేంద్రం దిగుమతుల మీద ఆంక్షలు ప్రకటించినప్పుడు కూడా ఆల్ ఇన్ వన్‌ని ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్‌ల వరసలోనే కూర్చోబెట్టింది. అంటే మనం కొంటున్నది తెర పెద్దదైన ల్యాప్‌టాప్. బ్యాటరీ ఉండదు, చంకన పెట్టుకుని వెళ్లడానికీ ఉండదు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నిలబడుతుంది, ఇది ఠక్కున ఆరిపోతుంది. అయితే పెద్ద డబ్బా కన్నా కరెంటు తక్కువ తాగుతుంది కాబట్టి చిన్న యూపీఎస్ మీద కూడా కాసేపు నడుస్తుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

అదే అరవై వేలు పట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి వెళ్తే, అసలు సిసలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌తో మెషీన్ బిగించి, పక్కన మంచి మానిటర్ పెట్టి ఇస్తారు. నాలుగేళ్లకి ఏది పోతే అదొక్కటే మార్చుకోవచ్చు. అసలు తేడా ఇక్కడే ఉందని నాకు తెర పోయాక గానీ తెలిసిరాలేదు. మానిటర్ ఆయుష్షు వేరు, కంప్యూటర్ ఆయుష్షు వేరు. కాస్త మంచి మానిటర్ పదేళ్లు పనిచేసినా ఆశ్చర్యం లేదు. లోపలి బోర్డు, ప్రాసెసర్ ఐదారేళ్లకే ముసలివైపోతాయి. ముసలెద్దునీ కోడెనీ ఒకే కాడికి కట్టి, ఆ ముడి ఎప్పటికీ విప్పడానికి లేకుండా చేస్తే ఆల్ ఇన్ వన్ అవుతుంది. ఏది ముందు కూలబడినా రెండోదీ ఆగిపోవలసిందే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలంది. ఏడో తరం ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్ వాళ్లు డబ్బా మార్చుకుని పాత మానిటర్‌నే వాడుకుంటున్నారు. అదే ప్రాసెసర్ ఉన్న ఆల్ ఇన్ వన్ వాళ్ల సంగతి? నిక్షేపంలాంటి తెర, రంగులు చెక్కుచెదరలేదు, దాన్ని వేరే కంప్యూటర్‌కి తగిలించుకునే దారే చాలా మోడళ్లలో లేదు.

ఇది ఎప్పుడూ దండగ బేరమే అంటే అబద్ధమాడినట్టు. ఒక్కసారి నిజంగా కారుచవకగా దొరికింది. 2014 సెప్టెంబర్‌లో డెల్ 27 అంగుళాల 5కే మానిటర్‌ని 2,499 డాలర్లకు ప్రకటించింది. మరుసటి నెలలో ఆపిల్ 27 అంగుళాల 5కే ఐమ్యాక్ తెచ్చింది. ధర అదే 2,499 డాలర్లు. తెర కొంటే కంప్యూటర్ కొసరు! ఆ రోజుల్లో ఫొటోల పని, వీడియో పని చేసేవాళ్లు దాని మీద ఎగబడ్డారంటే తప్పు పట్టలేం. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. 2009 నుంచి 27 అంగుళాల ఐమ్యాక్‌ని ఇంకో కంప్యూటర్‌కి మానిటర్‌గా వాడుకునే సౌకర్యం ఉండేది. 5కే తెర వచ్చిన మోడల్‌తో దాన్ని తీసేశారు. 2021లో వచ్చిన మ్యాక్ ఓఎస్ మోంటెరీ ఆ తొలి 5కే ఐమ్యాక్‌ని ఎక్కించుకోలేదు. లోపలిది వెనకబడింది, తెర ఇంకా అద్దంలా ఉంది. దాన్ని వదులుకోలేక లోపలి బోర్డు పీకేసి, వేరే కంట్రోలర్ బోర్డు తెప్పించుకుని, ఆ తెరని మానిటర్‌గా మార్చుకునేవాళ్లు తయారయ్యారు. సొంత సొత్తు వాడుకోవడానికి ఎంత పాటో చూడండి.

ఇప్పుడు ఆ బేరం తలకిందులైంది. 2024 అక్టోబర్‌లో ఎం4 చిప్‌తో ఐమ్యాక్, మ్యాక్ మినీ రెండూ వచ్చాయి. అప్పుడు మన దేశంలో ఐమ్యాక్ ప్రారంభ ధర రూ.1,34,900. మ్యాక్ మినీది రూ.59,900. రెండింటిలోనూ 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజి. తమాషా ఏమిటంటే చవకదాని చిప్పే గట్టిది: మినీలో పది కోర్లు, ఆ ఐమ్యాక్‌లో ఎనిమిదే. మిగిలిన డెబ్బై అయిదు వేలకి ఐమ్యాక్‌లో వచ్చేవి 24 అంగుళాల చక్కని 4.5కే తెర, కెమెరా, స్పీకర్లు, కీబోర్డు, మౌస్, ముచ్చటైన రంగు. మినీ పక్కన ఒక 4కే మానిటర్, ఓ మోస్తరు కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్ పెట్టుకున్నా ఆ డబ్బులో చాలా భాగం మిగులుతుంది. ఆ మినీ ఎంతనుకున్నారు? అయిదంగుళాల చదరం, మన వంటింటి పోపుల పెట్టె కన్నా చిన్నది. విండోస్ వాళ్లకీ ఇలాంటి బుల్లి పెట్టెలున్నాయి, స్క్రూలతో మానిటర్ వెనకే బిగించుకోవచ్చు. చోటూ కలిసొస్తుంది, ముడీ పడదు.

మరి ఆల్ ఇన్ వన్ ఎవరికి? ఆసుపత్రి రిసెప్షన్‌కి, స్కూలు ఆఫీసు బల్లకి, జనం నిలబడే ఏ కౌంటర్‌కైనా భేషుగ్గా ఉంటుంది. అక్కడ డబ్బా కాలికి తగలకపోవడమే పెద్ద లాభం, మరమ్మతు సంగతి కాంట్రాక్టు వాళ్లు చూసుకుంటారు. ఇంకొకరు మా అక్కయ్య. డాలస్‌లో ఉన్న మనవరాళ్లతో మాట్లాడటం తప్ప ఆవిడకి కంప్యూటర్‌తో వేరే పని లేదు. ఫోన్ తెర ఆవిడ కళ్లకి ఆనదు. తెర పెద్దది, కెమెరా నెత్తినే ఉంది, స్పీకర్లు కడుపులోనే ఉన్నాయి, స్విచ్ ఒకటే. ఇంతకన్నా ఆవిడకి నప్పేది నాకు కనబడలేదు. మాట్లాడటం అయ్యాక దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతుంది, వేడి పోయే చిల్లులతో సహా. చెప్పి చెప్పి ఊరుకున్నాను.

మా అమ్మాయికి ఇదంతా చెబితే, "ఆయనకి ఆ తెర నచ్చింది పెదనాన్నా" అంది. నచ్చాక తర్కం పనిచేయదు. సరే, కొంటే కొనండి, కానీ షాపులో మూడు ప్రశ్నలు అడగమన్నాను. ఎస్ఎస్‌డీ ఉందా, పాతకాలపు హార్డ్ డిస్కా? ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా, బోర్డుకే అతికించారా? అన్నిటికన్నా ముఖ్యంగా, వెనక హెచ్‌డీఎంఐ 'ఇన్' ఉందా? అదుంటే రేపు లోపలిది పోయినా తెర మానిటర్‌గా బతుకుతుంది. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లలో ఇస్తాయి. దాని గురించి ప్రకటనల్లో పెద్దగా చెప్పరు.

నిన్న సాయంత్రం షాపు నుంచే వాట్సాప్‌లో ఫొటో పంపింది. కింద, "ఉందంటున్నాడు పెదనాన్నా!" అని రాసింది. ఫొటో పెద్దది చేసి చూశాను. హెచ్‌డీఎంఐ అని ఉన్న మాట నిజమే. పక్కనే చిన్న అక్షరాల్లో 'అవుట్' అని ఉంది. ఆ మాట టైప్ చేసి పంపాను. కాసేపటికి జవాబొచ్చింది: "పక్క షాపుకి వెళ్తున్నాం."