సర్వర్ మబ్బుల్లోకి వెళ్లొచ్చు, తాళాలు మాత్రం కొంగునే ఉండాలి

"ఇంట్లో ఉన్న సర్వర్ తీసేసి వర్చువల్ సర్వర్లోకి మార్చేస్తున్నాం. నీకేం తేడా తెలీదులే." ఈమధ్య మా ఏలూరులో తెలిసినవాళ్ల ఇళ్లల్లో వింటున్న మాట ఇది. మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా రెండోదానితోనే.

ఇళ్లకి సర్వర్లేమిటని నవ్వకండి. మన వైపు ఇల్లూ వ్యాపారమూ ఒకే గోడకి ఆనుకుని ఉంటాయి. తాడేపల్లిగూడెంలో కింద ఉల్లిపాయల కొట్టు, పైన కాపురం. కైకలూరు దగ్గర చేపల చెరువుల లెక్కలు హాల్లో బల్ల మీదే. మా ఇంట్లో కింది గది మావారి లెక్కల ఆఫీసు. నాలుగైదు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, పిల్లల లాప్‌టాప్‌లు, వీటన్నిటి మీదా పెత్తనానికి సామాన్ల గదిలో ఒక పెట్టె. దాని పేరే డొమైన్ కంట్రోలర్.

అది చేసే పని మనకి తెలియనిదేం కాదు. వాకిట్లో పడక్కుర్చీలో కూర్చున్న మామగారి పని. వచ్చింది ఎవరు, లోపలికి రావచ్చా, ఏ గదిదాకా రావచ్చు, ఇవన్నీ ఆయన లెక్కలో ఉంటాయి. కంప్యూటర్లో మీరు పాస్‌వర్డ్ కొట్టగానే అది ఆ పెద్దాయన్ని అడుగుతుంది. ఆయన ఊఁ అంటేనే ఉమ్మడి ఫైళ్లు తెరుచుకుంటాయి. మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ అని తెచ్చిన ఏర్పాటు ఇది.

ఇప్పుడు ఆ పెద్దాయన్ని అద్దె ఇంటికి పంపిస్తున్నారు. మబ్బు అంటారుగానీ అది మబ్బేం కాదు, ఎక్కడో ముంబయిలోనో హైదరాబాదులోనో ఉన్న భవనం. అమెజాన్ వాళ్ల క్లౌడ్ కేంద్రాలు హైదరాబాదులో 2022 నుంచి ఉన్నాయి. లాభాలు నిజమే. పాత పెట్టె చెడిపోతుందన్న బెంగ తగ్గుతుంది, కరెంటు పోయినప్పుడల్లా దానికోసం ఇన్వర్టర్ వైపు చూడక్కర్లేదు. కాదనను.

కానీ సామాన్ల గదిలో పెట్టె ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న మనిషికి ఒక చిన్న అధికారం ఉండేది. వెళ్లి చూడొచ్చు, లైటు వెలుగుతోందో లేదో చెప్పొచ్చు, బాగుచేసేవాణ్ణి పిలిచి చూపించొచ్చు. అద్దె సర్వర్‌కి ఆ వీలు లేదు. దాని అసలు తాళం ఒక ఈమెయిల్, ఒక ఫోన్ నంబరు, ఒక బ్యాంకు కార్డు. ఆ మూడూ ఎవరివి? బిల్లు ఎవరికి వస్తుంది? ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది? కార్డు గడువు తీరి అద్దె కట్టకపోతే కొన్నాళ్లకి సర్వర్ ఆగుతుంది. ఆ మూడూ చేతిలో ఉన్నవాళ్లు మొత్తం సర్వర్నే తుడిచెయ్యగలరు. అంటే కదిలింది పెట్టె ఒక్కటే కాదు, పెత్తనం కూడా ఇంట్లోంచి కదిలి ఒక మగమనిషి జేబులోకి చేరింది. దీన్ని "నీకేం తేడా తెలీదు" అంటారా?

మనం ఉండేది కొల్లేటి పక్కన. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది. ఆ నీరంతా చివరికి చేరేది కొల్లేటికే. వానలకీ గాలివానలకీ స్తంభాలు ఒరగడం, కేబుళ్లు తెగడం మనకి ఏటా ఉండేదే. కేబుల్ తెగినరోజు అద్దె ఇంట్లో ఉన్న పెద్దాయన పలకడు. ఇదివరకు ఆ కంప్యూటర్లో పనిచేసినవాళ్ల గుర్తులు దాంట్లోనే మిగులుతాయి కాబట్టి వాళ్లు లోపలికి వెళ్లగలరు. కొత్తవాళ్లు వెళ్లలేరు. పక్క గదిలో ఉన్న ప్రింటర్ ఆచూకీ చెప్పేది కూడా ఆయనే అయితే కాగితం కూడా బయటికి రాదు. ఆయన హైదరాబాదు మీటింగులో ఉంటారు, ఇంట్లో ఆ చీకట్లో ఉండేది మనం.

"ఆడవాళ్ల చేతికిస్తే ఏదో ఒకటి నొక్కేస్తారు" అనే వాదన ఒకటుంది. గ్యాస్ బండ మార్చేది ఎవరు? చీటీ లెక్కలు, పాల లెక్కలు, బడి ఫీజులు, అత్తగారి మందులు, వీటిలో ఎన్ని నొక్కేశాం? పైగా రోజువారీ పనికి మామూలు ఖాతా, పెత్తనానికి వేరే ఖాతా ఉంచుకోవడం మగవాళ్లకైనా పాటించాల్సిన పద్ధతే.

ఈ మార్పిడి ఎలా చేస్తారో చూడండి. పాతదాన్ని ఒక్కసారి పీకెయ్యరు. కొత్తదాన్ని పక్కన నిలబెట్టి, పుస్తకం మొత్తం దానికి నకలు చేసి, పెద్దరికానికి చెందిన ఐదు బాధ్యతలూ అప్పగించి, అది నిలదొక్కుకుందని చూశాకే పాతదానికి విశ్రాంతి ఇస్తారు. ఒకప్పుడు అత్తగారు కోడలికి తాళాల గుత్తి అప్పగించిన పద్ధతే ఇది. అసలు అలాంటి కంట్రోలర్లు కనీసం రెండుండాలని తయారుచేసినవాళ్లే చెబుతారు, ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలని. యంత్రానికి యంత్రాన్ని తోడు పెట్టేవాళ్లు, మనిషికి మనిషిని తోడు పెట్టరేం?

మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా వచ్చింది. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. వాటా వచ్చినా కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో తెలియని అక్కచెల్లెళ్లు మనలో లేరా? ఇప్పుడు కాగితాలు కూడా సర్వర్లోకే వెళ్తున్నాయి. బీరువా అయితే చివరికి తాళం పగలగొట్టొచ్చు. దీన్ని ఏ గునపంతో పగలగొడతాం?

కాబట్టి సర్వర్ కదిలేలోపే నాలుగు మాటలు అడగండి. పెత్తనం ఖాతా నా పేరున రెండోది ఉండాలి. అద్దె ఖాతాలో నా ఫోను నంబరు కూడా ఉండాలి. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, నాకు తెలిసిన చోట ఉండాలి. ఇంట్లో ఒక చిన్న కంట్రోలర్ మిగలాలి, లేదా కేబుల్ తెగినరోజు ఏం చెయ్యాలో నాకు ఒకసారి చేసి చూపించాలి. గంట పట్టే పని.

"నామీద నమ్మకం లేదా" అని అడుగుతారు. ఉందండీ, కాబట్టే ఇన్నేళ్లు ఆ పెట్టె మీద దుమ్ము దులిపాం. నమ్మకం అనేది రెండువైపులా ఉండాలి కదా, మీరూ ఒక తాళంచెవి ఇటు ఇవ్వండి అని చెప్పండి.